పెళ్ళి విందు తిన్నారని ఆసుపత్రికి రావడం మానకండి



మన ఓపీలో బరువు చూసే సిస్టర్లు ఒక సంగతి గమనించారు. బరువు తగ్గమని డాక్టరు గారు చెప్పినవారు నెల నెలా వచ్చి మిషను ఎక్కుతారు. కానీ జనవరి మొదటి వారాలలోను, ఎండాకాలం పెళ్ళిళ్ళు అయిపోయిన తరువాతను చాలామంది కనబడరు. షుగరు బిళ్ళలు అయిపోతే కొడుకునో, కోడలినో పంపుతారు. "అమ్మ రాలేదేం?" అని అడిగితే, "పండుగకు కొంచెం ఎక్కువ తిన్నదండీ, సిస్టరమ్మ కోప్పడతారని భయపడుతోంది" అంటారు.

ఆ భయం గురించే ఈ నెల రాస్తున్నాను. ఆ భయంలో మా తప్పు కూడా ఉంది.

ఒక తల్లి సంగతి

పేరు చెప్పను. ఆవిడ ఒప్పుకున్నాకనే రాస్తున్నాను. వయసు యాభై రెండు. స్త్రీల సమాజంలో అన్ని పనులకూ ముందుండే మనిషి. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. రెండేళ్ళ క్రితం జనవరిలో మా దగ్గరకు వచ్చినప్పుడు బరువు 78 కిలోలు. చెప్పినవన్నీ శ్రద్ధగా చేశారు. రాత్రి అన్నం తగ్గించి కూర ఎక్కువ తిన్నారు. టీలో పంచదార మానేశారు. ఉదయం చర్చి దాకా నడిచి, నడిచే ఇంటికి వచ్చేవారు. ఏప్రిల్ నెలాఖరుకు 74 కిలోలకు వచ్చారు.

మే నెలలో కొడుకు పెళ్ళి. పెళ్ళికొడుకు తల్లి తినకుండా ఎలా ఉంటుంది? పెళ్ళి భోజనం, మర్నాడు ఇంటి దగ్గర విందు, ఆ తరువాత వియ్యాలవారి ఇంట భోజనం. నాలుగో రోజున బిళ్ళల కోసం వచ్చి మిషను ఎక్కితే 76 చూపించింది. నేను ఆ సమయానికి ఓపీలో ఉన్నాను. పదిమంది ఎదుట, "ఏమ్మా, నాలుగు నెలల కష్టం నాలుగు రోజుల్లో తినేశారా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆవిడ కూడా నవ్వారు. ఆ తరువాత ఐదు నెలలు రాలేదు.

అక్టోబరులో వచ్చారు. కుడికాలి చిటికెన వేలి దగ్గర పుండు. కొత్త చెప్పు కరిచిందట. పసుపు రాసి, గుడ్డ కట్టి ఇరవై రోజులు ఇంట్లోనే గడిపారు. షుగరు 340. బరువు 79. వేలు నల్లబడిపోయింది. తీసివేయక తప్పలేదు. డ్రెస్సింగు చేస్తూ, "ఇన్నాళ్ళు ఎందుకు రాలేదమ్మా?" అని అడిగాను. "బరువు పెరిగాను కదమ్మా, ఏ ముఖం పెట్టుకుని రమ్మంటారు?" అన్నారు.

ఆవిడ వేలు పోయింది పెళ్ళి భోజనం వల్ల కాదు. ఐదు నెలలు మా దగ్గరకు రాకపోవడం వల్ల. రాకుండా చేసిన మాట నాది. పైగా, మిషను మీద పెరిగిన ఆ రెండు కిలోలలో కొవ్వు కొంచెమేనని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నాను.

రెండు కిలోలు ఎక్కడినుంచి వచ్చాయి?

ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే, ఖర్చయ్యేదానికన్నా సుమారు 7,700 క్యాలరీలు ఎక్కువ తినాలి. బిర్యానీ, మాంసం కూర, గారెలు, స్వీటు అన్నీ కలిసి ఒక పెళ్ళి భోజనం వల్ల ఆ రోజు మనకు 1,000 క్యాలరీలు ఎక్కువయ్యాయి అనుకుందాం. అంటే చేరిన కొవ్వు సుమారు 130 గ్రాములు. మరి మిషను రెండు కిలోలు ఎందుకు చూపించింది? విందు వంటల్లో ఉప్పు ఎక్కువ. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. ఎక్కువగా తిన్న అన్నం, తీపి కొంత కండరాలలోను, కాలేయంలోను నిల్వ చేరుతుంది. ఆ నిల్వ కూడా తనతో నీటిని పట్టుకుంటుంది. తిన్న ఆహారం బరువు కూడా ఇంకా కడుపులోనే ఉంటుంది. మామూలు భోజనానికి తిరిగి వస్తే ఈ బరువులో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లో దానంతట అదే దిగిపోతుంది.

ఇప్పుడు వారం లెక్క చూడండి. ఒక మనిషి రోజుకు 550 క్యాలరీలు తగ్గించుకుంటూ బరువు తగ్గుతున్నారు. ఆరు రోజులకు 3,300 తగ్గాయి. ఏడో రోజు పెళ్ళి, 1,000 ఎక్కువయ్యాయి. ఆ 1,000 తీసివేసినా ఇంకా 2,300 తగ్గినట్టే. అంటే ఆ వారంలో కూడా సుమారు 300 గ్రాములు తగ్గుతారు. వేగం తగ్గింది, అంతే. దారి తప్పలేదు.

అదే మనిషి, "ఎలాగూ తప్పాను, ఇక ఎంతైతే ఏం" అనుకుని, విందులో ఇచ్చిన డబ్బాలు, మిగిలిన స్వీట్లు మరో మూడు రోజులు అదే లెక్కలో తిన్నారనుకోండి. నాలుగు రోజులు 1,000 చొప్పున ఎక్కువ, మూడు రోజులు 550 చొప్పున తక్కువ. ఆ వారంలో 300 గ్రాములు పెరుగుతారు. రెండు వారాలలోనూ పెళ్ళి ఒక్కటే. తేడా అంతా పెళ్ళి మర్నాడు మొదలయింది.

విందుకు తేదీ ఉండాలి

అందుకని నా అభిప్రాయం ఇది. బరువు తగ్గాలనుకునేవారు విందులు మానుకోనక్కరలేదు. కానీ ప్రతి విందుకూ ఒక తేదీ ఉండాలి. ఆ తేదీ ముందే తెలిసి ఉండాలి, మర్నాటికి అది అయిపోవాలి.

మన గ్రంథంలో కూడా పండుగలకు తేదీలున్నాయి. లేవీయకాండము 23వ అధ్యాయం చూడండి. ఏ నెల, ఏ రోజు, ఎన్ని రోజులు అన్నది స్పష్టంగా ఉంటుంది. మన ప్రభువు కూడా కానా పెళ్ళి విందుకు వెళ్ళారు. విందుకు వెళ్ళడం తప్పు అని నేను చెప్పలేను, చెప్పను. నన్ను బాధించేది తేదీ లేని విందు. రోజూ సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీ. టీవీ ముందు మిక్చరు పొట్లం. ఇంటికి ఎవరు వచ్చినా వారితోపాటు మనకూ ఒక టీ. వీటిని మనం విందు అనుకోము కనుక లెక్కలోకి తీసుకోము.

ఒక్క టీ లెక్కే చెబుతాను. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల పంచదార. చెంచాకు 5 గ్రాముల చొప్పున రోజుకు 40 గ్రాములు, 160 క్యాలరీలు. నెలకు 4,800 క్యాలరీలు. నాలుగు పెళ్ళి భోజనాలలో ఎక్కువైనదానికన్నా ఇది ఎక్కువ. పెళ్ళిలో బిర్యానీ ముందు కూర్చుని భయపడే మనం, టీ కప్పు ముందు ఎన్నడూ భయపడలేదు.

పండుగ బరువును పండుగ తరువాత వదిలించుకోకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 2000 సంవత్సరంలో అమెరికాలో ఒక పరిశోధన ప్రచురితమైంది. 195 మంది పెద్దవాళ్ళ బరువును నవంబరు నుండి జనవరి వరకు, అంటే క్రిస్మస్ కాలమంతా చూశారు. సగటున పెరిగింది 370 గ్రాములే, అరకిలో కూడా లేదు. కానీ ఆ కొంచెం మరుసటి సంవత్సరంలో దిగలేదు. ఏటా అంత చొప్పున ఇరవై క్రిస్మస్‌లకు ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. అందుకే జనవరి మొదటి వారంలో ఇంట్లో దాక్కోవద్దు అంటున్నాను. ఆ కొంచెం కొంచెంగా ఉండగానే దించుకోవడం సులభం.

కొంచెం తగ్గినా మేలు తక్కువ కాదు. షుగరు వచ్చే అంచున ఉన్నవారి మీద అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన 2002లో వచ్చింది. బరువులో నూటికి ఏడు వంతులు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం, ఈ రెండే వారి ముందుంచిన గురి. ఆ ప్రకారం ప్రయత్నించినవారిలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. 78 కిలోల మనిషికి ఏడు శాతమంటే అయిదున్నర కిలోలు. ఒక ఏడాదిలో, పెళ్ళిళ్ళకు వెళ్ళివస్తూనే చేయగలిగిన పని.

నెలకు ఎన్ని?

నన్ను అడిగితే నెలకు రెండు. రెండు రోజులు కాదు, రెండు పూటలు. క్యాలెండరులో ముందే గుండ్రం చుట్టుకోండి. ఎవరి పెళ్ళి, ఎవరి కృతజ్ఞత కూడిక, ఏ ప్రేమ విందు అన్నది నెల మొదట్లోనే మనకు చాలావరకు తెలుస్తుంది. ఐదు పిలుపులు వస్తే ఐదింటికీ వెళ్ళండి. రెండింటిలో విందు తినండి, మూడింటిలో ఆశీర్వదించి, మామూలుగా ఇంట్లో తినేంత తిని రండి. డిసెంబరులో రెండు చాలవంటే మూడు చేసుకోండి, జనవరిలో ఒకటి తగ్గించుకోండి. లెక్క ఉంటే సర్దుకోవచ్చు.

విందు రోజున ఇలా చేయండి

ఉదయం టిఫిను మానవద్దు. రెండు ఇడ్లీలు, లేదా ఒక పెసరట్టు తిని, ఎప్పటి బిళ్ళ అప్పుడు వేసుకోండి. ఖాళీ కడుపుతో విందుకు వెళ్ళినవారు ఎక్కువ తినే అవకాశం ఉంది.

బంతిలో కూర్చున్నా, ప్లేటు పట్టుకుని నిలబడినా, మొదట పెరుగు పచ్చడి, కూరగాయ ముక్కలు, మాంసం ముక్కలు తినండి. ఆ తరువాత బిర్యానీ ఒక్కసారి వడ్డించుకోండి. మారు వడ్డించవద్దు. స్వీట్లు నాలుగు రకాలుంటే మీకు బాగా ఇష్టమైనది ఒకటి తీసుకుని, నిదానంగా, ఆనందంగా తినండి. ఇష్టం లేని మూడింటిని మర్యాద కోసం తినవద్దు.

కూల్‌డ్రింకు ముట్టవద్దు. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది. మంచినీళ్ళు గాని, మజ్జిగ గాని తాగండి.

తిన్న తరువాత పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవండి. భోజనం తరువాతి షుగరు అంతగా పెరగకుండా ఈ నడక సాయం చేస్తుంది. రాత్రికి ఆకలిని బట్టి మజ్జిగ, పండు, కూరగాయల సూపు, లేదా ఒక పుల్కా చాలు.

మర్నాడు ఉదయం మామూలు మనిషిగా లేవండి. మామూలు టిఫిను, మామూలు నడక. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా రోజు తినేదానిలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని ఉంది. మర్నాడు ఆ సగం పళ్ళేనికి తిరిగి రండి. మిషను మాత్రం మూడు నాలుగు రోజులు ఆగి ఎక్కండి.

ఇవి మాత్రం చేయకండి

విందులో ఎక్కువ తినబోతున్నామని షుగరు బిళ్ళలు రెండు వేసుకోవద్దు. ఎక్కువ తిన్నామని మర్నాడు పస్తు ఉండవద్దు. ముఖ్యంగా గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు భోజనం మానితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్ళు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, తరువాత ఆహారం తిని, మా దగ్గరకు రండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, నేరుగా తీసుకురండి. ఇన్సులిన్ తీసుకునేవారు విందు ఉందని తెలిసినప్పుడు మోతాదు గురించి ముందే డాక్టరు గారిని అడగండి.

గుండె బలహీనత ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి నేను పైన చెప్పిన నెలకు రెండు లెక్క వర్తించదు. వారికి ఉప్పు, నీరు కూడా కొలత ప్రకారమే. గుండె జబ్బు ఉన్న మనిషి రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, కాళ్ళు వాచి, ఆయాసపడుతుంటే అది విందు బరువు అనుకుని ఊరుకోవద్దు. ఆ రోజే రండి.

"సిస్టరమ్మా, నేను ఒక లడ్డు ముట్టుకుంటే డబ్బా అయ్యేదాకా ఆపలేను" అని నిజం చెప్పేవారున్నారు. వారి మాట నేను కొట్టివేయను. అటువంటివారు విందును విందు జరిగిన చోటే తినండి. ఇంటికి డబ్బా తెచ్చుకోవద్దు. ఇంట్లో లేనిది అర్ధరాత్రి తినలేము.

సంఘానికి ఒక మనవి

మన సంఘాల్లో ప్రేమకు గుర్తు గరిటె. "ఇంకొక్క ముక్క, నా మీద ఒట్టు" అంటే కాదనలేము. వడ్డించే యౌవనస్థులకు, స్త్రీల సమాజం వారికి నా మనవి ఒక్కటే. ఎవరైనా విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే అక్కడితో ఆగండి. "షుగరా? ఎంత ఉంది?" అని బంతిలో గట్టిగా అడగవద్దు. తినేవారిని చూసి, "బరువు తగ్గుతున్నానన్నారుగా?" అని కూడా అనవద్దు. ఒకటి బలవంతం, ఒకటి అవమానం. రెండింటి వల్లా మనిషి దాక్కుంటాడు.

ప్రేమ విందులో బిర్యానీతోపాటు ఒక కూరగాయ వంటకం, ఒక పళ్ళెం నిండా బొప్పాయి, జామకాయ ముక్కలు ఉంచండి. ఖర్చు పెద్దగా పెరగదు. నెలకు రెండు విందుల లెక్క అయిపోయినవారు కూడా మీ బంతిలో సిగ్గుపడకుండా కూర్చోగలుగుతారు.

మేము మార్చుకున్నవి

చెప్పడమే కాదు, మేమూ మారాము. బరువు మిషనును వరండాలో అందరి ఎదుటినుంచి తీసి తెర వెనుక పెట్టాము. అంకె పైకి చదవము, పుస్తకంలో రాసి ఇస్తాము. పుస్తకంలో 'విందులు' అని ఒక గడి పెట్టాము. ఏ తేదీన తిన్నారో మీరే అందులో రాయండి. దాన్ని చూసి ఏ సిస్టరూ కోప్పడదు. కోప్పడితే నాతో చెప్పండి. బరువు పెరిగిన నెలలో మీరు రావడం మాకు ఎక్కువ అవసరం. ఆ నెలలోనే కాళ్ళు చూడాలి, బీపీ చూడాలి, బిళ్ళలు సరిపోతున్నాయో లేదో చూడాలి.

ఆ తల్లి ఇప్పుడు ప్రతి నెలా వస్తున్నారు. ఆవిడను క్షమించమని అడిగాను. "ఊరుకోండమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నారు. బరువు 75 దగ్గర ఉంది. ఈ ఏడాది ఫిబ్రవరిలో మనవరాలి బాప్తిస్మపు విందు జరిగింది. ఆ తేదీని నెల ముందే పుస్తకంలో రాయించుకుని వెళ్ళారు. విందు అయిన ఐదో రోజున వచ్చి, నేను పిలవకముందే మిషను ఎక్కారు. 400 గ్రాములు పెరిగారు. ఇద్దరం చూశాము, రాసుకున్నాము, కాళ్ళు పరీక్ష చేశాము. మార్చిలో అది దిగింది.

నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఒక సంగతి ఉంది. ధర్మశాస్త్రం విని తమ తప్పులు తలచుకుని ప్రజలు ఏడుస్తుంటే, ఆ దినము పరిశుద్ధమైనది, దుఃఖపడవద్దని చెప్పి, వారిని ఇంటికి వెళ్ళి విందు చేసుకోమంటారు. ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి కూడా భాగాలు పంపమంటారు. మీ ఇంట విందులో మిగిలినది మూడు రోజులు ఫ్రిజ్‌లో దాచే ముందు ఆ మాట గుర్తు చేసుకోండి. మన వార్డులో రోగులకు తోడుగా ఉండి, ఆ పూట ఏం తినాలో తెలియనివారు ఎప్పుడూ ఉంటారు. విందు అదే రోజు ముగుస్తుంది, ఇంకొకరి కడుపు నిండుతుంది.

తినండి. మర్నాడు మామూలుగా ఉండండి. నెల తిరిగేసరికి, పెరిగినా తగ్గినా, తప్పక రండి. దేవుడు మిమ్మల్ని ఆరోగ్యముతో కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్